ఇరవయ్యోవాడి కోసం ఆగిన సైన్యం

మా మరదలి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేదాకా ఆగే అలవాటు నాకు లేదు. నా చదువు మా ఊరి బడిలో అయిదో తరగతితో సరి. అయినా ముప్పై నాలుగేళ్లు బస్టాండులో కంట్రోలర్‌గా నెగ్గుకొచ్చాను. మైకు లేకుండా నేనొక్క కేక వేస్తే ఆఖరి ప్లాట్‌ఫారం దగ్గర కునుకు తీస్తున్న డ్రైవరు ఉలిక్కిపడి స్టీరింగు పట్టుకునేవాడు. రోజుకు నూట పన్నెండు బస్సులు. నా డ్యూటీలో ఒక్క బస్సూ వేళ తప్పి కదల్లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్పే కాబట్టి చెబుతున్నాను. నా గొంతు సంగతి మీకు ముందే తెలియాలి. ఈ కథలో పెద్ద గండం అదే.

మా మరదలు, అంటే నా భార్యకు స్వయానా చెల్లెలు, చొక్కాలు కుట్టే యూనిట్‌లో ఇరవై ఏడేళ్లుగా పనిచేస్తోంది. అక్కడ కత్తిరించిన ముక్కలను ఇరవై చొక్కాలకు సరిపడా కట్టగట్టి మిషన్ల మీదికి పంపుతారు. దాన్ని బండిల్ అంటారు. ఒక మిషన్ మీద కాలరు పడుతుంది, ఇంకోదాని మీద చేతులు, మరోదాని మీద జేబు. ఇరవైలో ఒక్క కాలరు తగ్గినా ఆమె ఆ బండిల్‌ను అంగుళం కదలనిచ్చేది కాదు. "ఎవరి కాళ్ల కిందో ఉంటుంది, వెతకండి" అనేది. వెతికితే ఉండేది కూడా. అలా ఆమెకు ఇరవయ్యక్క అనే పేరు పడింది. పద్దెనిమిదేళ్లు లైను సూపర్‌వైజరుగా చేసింది. ముప్పై రెండు మిషన్లు ఒక్కసారిగా మోగుతున్నా ఏది ఆగిందో కళ్లు మూసుకుని చెప్పేది. ఆమె లైను నుంచి వెళ్లిన సరుకు తిరిగొచ్చిన రోజు లేదు.

రెండేళ్ల కిందట కొత్త మేనేజరు వచ్చి ప్రతి మిషనుకూ ఒక చిన్న తెర బిగించాడు. ఎవరెన్ని కుట్టారో అదే చూపిస్తుందట. "ఇక మీకెందుకమ్మా ఈ శ్రమ?" అని తియ్యగా అని, ఆమెను దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ బల్ల గోడకు ఎదురుగా ఉంటుంది.

"నా వీపు వెనక లైను నడుస్తోంది బావా" అంది ఒకరోజు. "ఏ మిషన్ ఆగిందో చెవికి తెలుస్తూనే ఉంది. తిరిగి చూడ్డం మాత్రం ఇప్పుడు నా పని కాదంట."

తెర ఎత్తుకుపోయిన పెత్తనాన్ని తెర నేర్చుకునే తిరిగి తెచ్చుకోవాలని, నేనే ఆమెను నా స్నేహితుడు టైపు మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఒకప్పుడు ఆయన దగ్గర పాతిక టైపు మిషన్లు టకటకలాడేవి. ఇప్పుడు ముందు గదిలో కంప్యూటరు పాఠాలు, వెనక గదిలో ఆటలు. నాలుగో రోజున మా మరదలు పాఠం వదిలేసి వెనక గది గుమ్మంలో నిలబడిపోయింది.

అక్కడ ఆడేది పాతకాలపు రాజుల యుద్ధం. మనకో కోట, కొందరు పనివాళ్లు ఉంటారు. వాళ్లు చెట్లు కొట్టి, రాయి తవ్వి, పంట పండిస్తే వాటితో సిపాయిలను తయారుచేసుకోవాలి. చదరంగంలాగా నీ ఎత్తు, నా ఎత్తు అంటూ వంతులుండవు. నువ్వు గోడ కడుతుండగానే అవతలివాడు గుర్రాలు తోలుకొస్తాడు. పైగా మన మనిషి నిలబడ్డ చోట చుట్టూ కొంత మేరే కనబడుతుంది. మిగతా నేలంతా చీకటి.

గంటసేపు చూసి ఆమె అన్న మాట ఒకటే. "ఇది మా లైనే బావా. కట్టెలు కొట్టేవాడు ఆగితే విల్లు ఆగుతుంది. విల్లు ఆగితే గోడ మీద మనిషుండడు."

ఏడాదిన్నరలో ఆ గదికొచ్చే పదిహేడు మందిలో పదహారు మందిని ఓడించింది. ఎలా ఓడించిందంటే, బండిళ్లు కట్టి. ఇరవై మంది బల్లెగాళ్లు ఒకటో అంకె మీట కింద, ఇరవై మంది విలుకాళ్లు రెండో అంకె కింద, మరో ఇరవై మంది బల్లెగాళ్లు మూడో అంకె కింద. మీట నొక్కితే ఆ దండు మొత్తం కదలాలి. ఇరవైకి ఒక్కడు తగ్గినా కదలకూడదు. యాభై రెండేళ్ల మనిషి, చత్వారపు కళ్లద్దాలు, చూపుడు వేలికి సూది గుచ్చుకున్న మచ్చలు. ఆ వేలితో సైన్యాలను నడిపించింది.

మిగిలిన పదిహేడోవాణ్ణి అందరూ తుఫాను అంటారు. కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు వేరుచేస్తాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, మీటల మీద వేళ్లు కనబడనంత వేగం. పట్టణాల మధ్య పోటీకి ఈ గది తరఫున నలుగురి జట్టు వెళ్లాలి. పాత నాయకుడు ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. ఆ కుర్చీ ఇరవయ్యక్కకు ఇద్దామని టైపు మాస్టారు అనగానే తుఫాను పకపకా నవ్వాడు.

"ఆంటీ కింద ఆడాలా? ఇంట్లో మా అమ్మ మాటే వినను నేను."

"మీ అమ్మకు ఈ ఆట రాదుగా నాయనా. నాకొచ్చు" అంది మా మరదలు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నువ్వూ నేనూ కూర్చుందాం. గెలిస్తే ఆ కుర్చీ నాది. ఓడితే ఈ గడప మళ్లీ తొక్కను."

బయటికొచ్చాక కేకలేశాను. "ఆ రెండో మాట ఎందుకన్నావే? నోటికి తాళం లేదా?"

"నీ దగ్గర నేర్చుకున్నదే బావా" అని నవ్వింది. కాసేపు నడిచాక నవ్వు పోయింది. "పక్కన కూర్చుని ఎవరో నడుపుతుంటే వినడం యూనిట్‌లో సరిపోయింది. ఇక్కడ కూడానా?"

ఇంట్లో నా భార్య ఒకటే హెచ్చరించింది. "చూడ్డానికి నువ్వు వెళ్లకు. నీ నోరు ఊరుకోదు."

"బస్టాండునే నోరు మూయించినవాణ్ణి నేను!"

"బస్టాండును మూయించావు. నీ నోరెప్పుడు మూశావు?"

భయానికి కారణముంది. చూసేవాళ్లలో ఎవరైనా పెదవి విప్పితే, వాళ్లు ఎవరి తరఫున వచ్చారో ఆ మనిషి ఓడినట్టే. అది టైపు మాస్టారి కట్టుబాటు.

ఆదివారం మూడింటికి గది కిక్కిరిసింది. ఆటగాళ్లిద్దరూ మా వైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ల వెనక గోడ మీద పెద్ద తెర. దాని మీద మాకు యుద్ధభూమి మొత్తం, చీకటి లేకుండా కనబడుతుంది; కింది మూలల్లో ఇద్దరి తెరలూ చిన్నగా. వాళ్లకు తమ ముందున్న తెర, మా ముఖాలు తప్ప ఏమీ కనబడవు. అప్పుడర్థమైంది, నోరొక్కటే కాదు, ముఖం కూడా మూసుకోవాలని.

మొదటి ఇరవై నిమిషాలు సరిసమానంగా నడిచింది. మధ్యలో ఏరు, దాని మీద ఒకటే వంతెన. తుఫాను రౌతులు మెరుపులా వచ్చి రాళ్లగని దగ్గర అయిదుగురు పనివాళ్లను నరికిపోయారు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని కొత్తవాళ్లను పంపింది. వెనక అడవిలో తోడేలొకటి కట్టెలు కొట్టేవాడి మీద పడితే ఒక బల్లెగాణ్ణి తోలి చంపించింది. వంతెన మొదట్లో ఒకటో దండును నిలబెట్టింది, వాళ్ల వెనక విలుకాళ్లను, పక్కన రాతి బురుజును. మూడో దండు తయారవగానే ఏరు దాటించి అతని గనుల మీద పడాలని ఆమె ఎత్తు.

ముప్పయ్యో నిమిషంలో వంతెన అవతల నలభై మంది రౌతులు బారులు తీరారు. దుమ్ము, డప్పులు, కేకలు. అందరి కళ్లూ అటే. నాది కంట్రోలరు కన్ను. ముందు ప్లాట్‌ఫారం మీద గొడవ జరుగుతుంటే నేను వెనక గేటు చూస్తాను. చూశాను.

ఏటికి ఎగువన లోతు లేని చోటొకటి ఉంది. అక్కడి నుంచి ఆరు దూలపు బండ్లు ఒకదాని వెనక ఒకటి దాటుతున్నాయి. కోట తలుపులు బద్దలుకొట్టే బండ్లవి. బాణాలు వాటినేమీ చెయ్యలేవు. మనిషి దగ్గరికెళ్లి విరగ్గొట్టాల్సిందే. అవి అడవి చాటున ఆమె వెనక గుమ్మానికి పోతున్నాయి. అక్కడ చెక్క తలుపు తప్ప కాపలా లేదు. ఆమె తెర మీద అదంతా చీకటి.

మూడో దండు ఇప్పుడు వంతెన దాటిందా, ఇక అంతే సంగతులు.

మూడో అంకె కింద కట్టడానికి ఆమె ఆ దండు చుట్టూ గీత గీసింది. తెర అడుగున చిన్న చిన్న బొమ్మలు వరసగా వచ్చాయి. దాడి మీట మీదికి వెళ్లిన వేలు గాల్లోనే ఆగింది.

పందొమ్మిది బొమ్మలే ఉన్నాయి.

వంతెన మీద రౌతులు ఢీకొట్టారు. బురుజు మీంచి రాళ్లు రాలుతున్నాయి. ఒకటో దండులో ఇరవై మంది పదమూడయ్యారు. ఆమె వేలు కదల్లేదు. పెదవులు మాత్రం లెక్కపెడుతున్నాయి. జనంలో ఎవరో నుదురు కొట్టుకున్నారు. నా గొంతులో రెండు కేకలు ఒకేసారి లేచాయి. 'ఒక్కడి కోసం ఆగుతావేమే' అని ఒకటి, 'వెనక గుమ్మం' అని ఇంకొకటి. అలవాటుగా చెయ్యి జేబులో ఈల కోసం పోయింది. ఈల అప్పగించి పద్నాలుగేళ్లయింది. చేతిరుమాలు దొరికితే నోట్లో కుక్కుకుని కొరికాను. ముఖం దాచుకోవడానికి ఒళ్లో ఉన్న పేపరు ఎత్తి అడ్డం పెట్టుకున్నాను. పైఅంచు మీంచి గోడ తెర మాత్రం కనిపించేంత. టైపు మాస్టారు నా వైపే వేలు చూపించి కూర్చున్నాడు.

బురుజు కూలింది.

అప్పుడామె పని లేకుండా నిలబడ్డ సిపాయిని చూపించే మీట నొక్కింది. తెర గిర్రున తిరిగి వెనక అడవి అంచున ఆగింది. చచ్చిన తోడేలు పక్కన ఒక్క బల్లెగాడు. పని అయ్యాక వెనక్కి రమ్మని చెప్పడం ఆమె మరిచిపోయింది. పాపం, చెప్పినచోటే నిలబడి ఉన్నాడు. వాడి చుట్టూ ఉన్న కాస్త వెలుతురులోకి ఒక దూలం మొన మెల్లగా జొరబడుతోంది.

ఆమె వాణ్ణి బండ్ల మీదికి ఉసిగొల్పలేదు. ముందు వాణ్ణి కోట గోడ వైపు వెనక్కి లాక్కుంది. ఆ వెంటనే పందొమ్మిది మందినీ వెనక గుమ్మానికి పరిగెత్తించింది. తుఫానుకు అర్థమైపోయింది. మిగిలిన రౌతులందరినీ వంతెన మీదికి వదిలాడు. ఒకటో దండు పదమూడు నుంచి ఆరుకు పడింది. ఇటు మొదటి దూలం తలుపును తాకింది. తలుపు బలం చూపించే గీత సగానికి పడింది. రెండో దూలం. గీత ఎర్రబడింది. వేలి గోరంత మిగిలింది.

పందొమ్మిది మంది గోడ మలుపు తిరిగారు. ఇరవయ్యోవాడు వాళ్లలో కలిశాడు. ఆమె ఇరవై బొమ్మలూ వచ్చేదాకా కన్ను ఆర్పలేదు. అప్పుడు నొక్కింది.

ఆరు బండ్లూ పుల్లలు పుల్లలయ్యాయి. తుఫాను తన కలపంతా వాటి మీదే పెట్టాడు. వంతెన మీద అతని రౌతులను విలుకాళ్లు ముందు నుంచి, వెనక్కి తిరిగొచ్చిన ఇరవై మంది పక్క నుంచి నలిపేశారు. ఆ తర్వాత ఆమె తొందరపడలేదు. కట్టెలు ఆగకుండా, రాయి ఆగకుండా చూసుకుంటూ ఏరు దాటింది. నలభై ఏడో నిమిషంలో అతని కోట మీద తెల్లజెండా లేచింది.

ఎవరూ చప్పట్లు కొట్టకముందే తుఫాను లేచాడు. "చెల్లదు! వాళ్ల బావ ముఖం చూసి కనిపెట్టింది. ఆయన పేపరు అడ్డం పెట్టుకోవడం నేనూ చూశాను."

ముప్పై నాలుగేళ్ల కొలువులో నా మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఆ ఒక్కటీ ఇక్కడా రావాలి? టైపు మాస్టారు ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా?"

"బావ వైపు చూసే తీరిక నాకెక్కడిది మాస్టారూ?" అంది ఆమె. "పందొమ్మిదే ఉన్నారు."

మాస్టారు రికార్డయిన ఆటను వెనక్కి తిప్పి గోడ మీద వేశాడు. పక్కనే గదిని తీసిన కెమెరా బొమ్మ. గీత గీసింది. పందొమ్మిది. వేలు ఆగింది. అప్పటికి నేను నోరు తెరుచుకుని తెర చూస్తున్నాను. పేపరు లేచింది ఆ తర్వాత చాలాసేపటికి. ఆమె కళ్లు బొమ్మల మీంచి కదలనేలేదు.

తుఫాను రెండుసార్లు చూశాడు. "ఒక్కడి కోసం ఎవరైనా ఆగుతారా?" అన్నాడు. గొంతులో కోపం పోయి ఆశ్చర్యం మిగిలింది. "బురుజు పోయింది కదా!"

"పోయింది. వాణ్ణి అక్కడ నిలబెట్టి మరిచింది నేను. కాబట్టి ఆగాల్సిందీ నేనే." ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "రేపు జట్టులో అలా చీకట్లో ఉండిపోయేది నువ్వైతే?"

అతను నాయకుడి కుర్చీని రెండు చేతులతో వెనక్కి లాగి, "కూర్చో ఇరవయ్యక్కా" అన్నాడు.

సోమవారం ఆమె ఎప్పటిలాగే దారాల బల్లకు వెళ్లింది. గోడ ఎక్కడికీ పోలేదు. మరుసటి ఆదివారం మొదటి సాధనకు మూడింటికి ముగ్గురే వచ్చారు, తుఫాను రాలేదు. మొదలుపెడదామని మిగతావాళ్లు తొందరపెట్టారు. ఆమె వినలేదు. పదిహేను నిమిషాలకు తుఫాను రొప్పుతూ వచ్చాడు. నలుగురినీ లెక్కపెట్టుకుని అప్పుడు తెర వెలిగించింది.

నన్ను ముందు గదిలో కూర్చోమంది. నాయకుడి మాట, కాదనలేదు. నా కొలువులో సాధించినవన్నీ పైన రాశాను. వాటి కింద ఇది కూడా ఉండాలి: నలభై ఏడు నిమిషాలు నోరు విప్పలేదు. నా భార్య ఇప్పటికీ నమ్మదు. కావాలంటే మాస్టారి దగ్గర రికార్డుంది.