రెండు పేర్ల సార్

మాకు సీ ప్లస్ ప్లస్ అనే కంప్యూటర్ భాష నేర్పిన సార్ పోయిన నెల చనిపోయారు. గుండెపోటు. చిట్యాల నుంచి నల్లగొండ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందని పాత బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కింద అందరూ దండం పెట్టే బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టి, ఆఫీసుకు సెలవు చెప్పి బస్సెక్కాను.

సార్ చెప్పిన పాఠాల్లో ఒకటి ఇక్కడ చెప్పాలి. క్లాసంటే ప్రోగ్రాములో ఒక నమూనా. ఫీల్డంటే అందులో సమాచారం దాచే గడి. ఒక్కోసారి ఒక క్లాసు ఇద్దరు తల్లిదండ్రుల నుంచి పుడుతుంది. తండ్రి క్లాసులో ‘పేరు’ అనే ఫీల్డు ఉండి, తల్లి క్లాసులోనూ ‘పేరు’ ఉంటే బిడ్డకు రెండూ వస్తాయి. అంతవరకూ కంపైలర్, అంటే మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది, కిక్కురుమనదు. ఊరికే ‘పేరు’ అని అడిగామా, ఎవరి పేరని నిలదీసి పని ఆపేస్తుంది.

సార్ దానికి తననే ఉదాహరణగా చెప్పేవారు. నాయిన బడిలో రాయించిన పేరు ఒకటి, అమ్మ చర్చిలో పెట్టించిన పేరు ఇంకొకటి.

“ఇద్దరూ పట్టు ఇడువలే. నేను రెండిటికీ పలికిన. ఏం నష్టమైంది?” అని నవ్వేవారు.

నాకు ఓపిక తక్కువ. ల్యాబులో ఆ ఎర్రర్ వస్తే తల్లి క్లాసులోని ఫీల్డు తీసిపారేశాను. ప్రోగ్రాము సాఫీగా నడిచింది. సార్ వచ్చి చూసి, మానిటర్ ఆపేసి, నా ముందుకు ఒక కాగితం తోశారు.

“నడుస్తాంది గద సార్,” అన్నాను.

“నడుస్తాంది గని సగం మనిషి పోయిండు బిడ్డా. గది నిన్ను తిడతలేదు, అడుగుతాంది. ఎవల పేరో చెప్పు, అయిపాయె. అడిగినోళ్ల నోరు మూయనీకి ఉన్నదాన్ని కొట్టేస్తవా?”

ఏ ఫీల్డు ఎవరి నుంచి వచ్చిందో కాగితం మీద రాయించాకే మానిటర్ మళ్లీ వేశారు. ఆ రోజు నా బస్సు పోయింది. ఆయన్ను కడుపారా తిట్టుకున్నాను. ఇప్పుడు నేను తింటున్న అన్నం మాత్రం అలాంటి కాగితాలు పెట్టిందే.

పూడ్చే దగ్గర పేచీ రాలేదు, రెండు వైపులవాళ్లూ పూడ్చేవాళ్లే. పేచీ అంతా దినాలకు ఇంటి ముందు కట్టే ఫ్లెక్సీ దగ్గర వచ్చింది. దాని మీద ఏ పేరు వేయాలి? సార్ నాయిన ఎప్పుడో పోయారు, ఆయన తరఫున చిన్నాయన బడిపేరన్నారు. మేనమామ చర్చిపేరన్నారు. మాటా మాటా పెరిగింది. తాను చెప్పిన పేరు లేకపోతే దినాలకే రానని మేనమామ చెప్పులేసుకున్నారు. కంప్యూటర్ పని కదా అని ఫ్లెక్సీ చేయించే బాధ్యత నా నెత్తిన పెట్టారు. ఎందుకొచ్చిన గొడవలే అని ఫొటో కింద ‘మా సార్’ అని మాత్రం వేయించుకొచ్చాను. చిన్నాయన సరేనన్నారు, మేనమామ చెప్పులు విప్పారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సార్ వాళ్లమ్మ బయటికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఏం రాశారో చదవమంటే చదివి వినిపించాను.

“గంతేనా? నా కొడుక్కు పేరే లేదా బిడ్డా? ఇద్దరం పెడితిమి గదనే!”

సిగ్గుతో చచ్చిపోయాను. ల్యాబులో చేసిన తప్పే మళ్లీ చేశాను. అప్పుడు ఒకటే కొట్టేశాను, ఈసారి రెండూ.

మళ్లీ పోయి రెండు పేర్లూ పక్కపక్కన, ఒకే సైజు అక్షరాల్లో వేయించాను. ఇద్దరు పెద్దమనుషులూ గొణిగారు గానీ ఆమెను చూసి పక్కకు తప్పుకున్నారు. ఫ్లెక్సీని గోడకు ఆనించి తాళ్లు విప్పుతుంటే అవ్వ దగ్గరికొచ్చింది.

“నేను పెట్టింది ఏది?”

చూపించాను. దాని మీద చెయ్యి పెట్టింది.

“మరి ఆయనది?”

అదీ చూపించాను. రెండో చెయ్యి దాని మీద పెట్టింది. చేతులు తీయకుండానే కొడుకు ఫొటో వైపు చూసి, మొదట మొగుడు పెట్టిన పేరుతో పిలిచింది, తర్వాత తను పెట్టిన పేరుతో.