బారాత్‌లో మోగిన మా పాట

ముగ్గురు దోస్తులం మీర్‌పేటలో ఒక గది కిరాయికి తీసుకుని, బయటి చప్పుడు రాకుండా గోడలకు బొంతలు కట్టి, చిన్న మ్యూజిక్ లేబుల్ పెట్టుకున్నాం. పాట మొదట్లో లేబుల్ పేరు ఒక్కటే వినపడాలి, మాలో ఎవరి పేరూ వద్దు అనుకున్నాం. ఆ నియమం పెట్టింది మా ముగ్గురిలో పాటలు పాడే నరేషే.

ఈ సాయంత్రం నేనూ నరేషూ ఎల్బీనగర్‌లో నడుస్తుంటే ఒక పెళ్లి బారాత్‌లో మా మొదటి పాట మోగింది. సంతోషం ఎంతోసేపు నిలవలేదు. లేబుల్ పేరు కోసేసి, ఆ చోట డీజే తన పేరు అరిచి పెట్టుకున్నాడు. తిన్నగా డీజే బండి దగ్గరికి వెళ్లాను.

"అన్నా, గీ పాట మాది. మా లేబుల్ పేరు ఎందుకు తీసేసినవ్?"

"మీ లేబుల్ ఎవలకెరుక అన్నా? నా పేరు మీదనన్న మోగుతుందని ఖుష్ అవు."

నరేష్ నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చాడు. గల్లా పట్టుకుంటాడనుకున్నాను. వాడు డీజే చెవి దగ్గరికి వంగి, "అన్నా, నీ పేరు ఎనక నా పేరు గూడ జర కలుపరాదే" అన్నాడు.

డీజే మీద నాకున్న కోపం అక్కడే చచ్చిపోయింది.

దోస్తులతో కలిసి ఏదైనా మొదలుపెట్టినవాళ్లు చెప్పండి, మీ నియమాలు ఎంతవరకు నిలిచాయి? మాది ఒక్క బారాత్ కూడా దాటలేదు.