మూడో కంప్యూటరు చిరునామా

బజారులో కొట్లవాళ్ల మధ్య పెరిగినవాణ్ణి. బేరం కుదిరేటప్పుడు ఎదుటివాడి కళ్లు చూడాలని తెలుసు. నేనేం ఒప్పుకుంటున్నానో నా చెవులతో వినాలని మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

బహ్రెయిన్‌లో మా కంపెనీ కట్టడం పనులది. నేను ఆఫీసులో లెక్కలు చూస్తాను. హమద్ టౌన్ గోడౌన్లో వచ్చిపోయే సామానుకు ఒక డేటాబేసు చేసిస్తానని, బదులుగా శనివారాలు ఆఫీసుకు రానని మేనేజరుతో బేరమాడాను. ఆయన బహ్రెయినీ పెద్దమనిషి, హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. గోడౌన్లోని మూడు కంప్యూటర్లలోనూ అది నడవాలన్నాడు. గోడౌన్ చూసే స్టోర్‌కీపర్ లేనప్పుడు లెక్క అందులోనే దొరకాలి గనక, నడిచాకే అతని సెలవు మీద సంతకమన్నాడు.

స్టోర్‌కీపర్‌ది జగిత్యాల వైపు. శుక్రవారం విమానం. కొడుకు పుట్టెంట్రుకలు తీయించడానికి వెళ్తున్నాడు. ఆ కొడుకును ఇంతవరకూ ఫోన్లోనే చూశాడు. గురువారం పొద్దున నేను పెన్‌డ్రైవుతో దిగేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపయితదన్నా?"

"నువ్వు చాయ్ తెచ్చేలోపు."

చాయ్ వచ్చింది, చల్లారింది. మొదటి కంప్యూటర్లో నా డేటాబేసు ఐకాన్ నొక్కితే, ప్రోగ్రాం దొరకలేదని మొహం మీద చెప్పింది.

నా డేటాబేసు తనంతట తాను తెరుచుకోదు. దాన్ని తెరిచే ప్రోగ్రాం ఆ కంప్యూటర్లో ముందే ఉండాలి. అది ఏ డ్రైవులో, ఏ ఫోల్డర్లో ఉందో నా ఐకాన్‌కు తెలియాలి. నేను గుదైబియాలో నా గదిలోని ల్యాప్‌టాప్‌లో అది ఎక్కడుందో చూసి, ఆ దారే రాసి తెచ్చాను. లోకంలోని కంప్యూటర్లన్నీ నా గదిలోదానిలాగే సర్ది ఉంటాయని నా నమ్మకం.

"ప్రోగ్రాం ఉన్నది గదన్నా, గీ బొమ్మ కనవడ్తలేదా?"

"ఉంది. ఎక్కడుందో దీనికి తెలియట్లేదు."

"రాసింది నువ్వే గదా, నీకు తెల్వదా?"

వెతికితే ఇంకో ఫోల్డర్లో దొరికింది. దారి మార్చాను, తెరుచుకుంది. అదే దారిని రెండో కంప్యూటర్లో పెడితే మళ్లీ లేదంది. అక్కడ ఎవరో మహానుభావుడు దాన్ని డి డ్రైవులో పడేశాడు.

అప్పటికి గానీ నా బుర్ర పనిచేయలేదు. మా నాన్న కొట్లో సరుకు అడిగితే అరలన్నీ తడమడం కొత్తవాళ్ల పని, తెలిసినవాళ్లు సర్దిన మనిషినే అడిగేవారు. ఏ ప్రోగ్రాం ఎక్కడుందో కంప్యూటరు కూడా రిజిస్ట్రీ అనే చోట గుర్తుపెట్టుకుంటుంది. దాన్నే అడిగి దారి తెచ్చుకునేలా నాలుగు వరుసలు రాశాను. రెండూ చక్కగా తెరుచుకున్నాయి. ఈ పని ఇంట్లోనే చేసుకురావాల్సింది. శనివారం నిద్ర గురించి కలలు కంటూ చేయలేదు.

మూడోదాన్ని అడిగితే ఏమీ లేదంది. మళ్లీ అడిగాను. తిట్టాను, బతిమాలాను. తెర మీద చూస్తే ప్రోగ్రాం బొమ్మ నిగనిగలాడుతోంది.

"ఈ బొమ్మ ఇక్కడికెలా వచ్చింది తమ్ముడూ?"

"నేనే తెచ్చినన్నా. ఆ కంప్యూటర్లకెల్లి పెన్‌డ్రైవుల ఏసుకొచ్చి గీడ పెట్టిన. నీకు పని తక్కువైతదని."

"నువ్వు తెచ్చింది కొట్టు బోర్డయ్యా! కొట్టు అక్కడే ఉంది!"

"మరి నువ్వు నీ రూముకెల్లి తెచ్చింది ఏందన్నా?"

ఫోను తీశాను.

ప్రోగ్రాం ఎక్కించాలంటే కంపెనీ కంప్యూటర్లు చూసే ఐటీ అతని పాస్‌వర్డు కావాలి. ఫోన్ చేస్తే వేరే సైటులో ఉన్నాడు. రేపు నమాజయ్యాక రిఫాలోని ఇంటి నుంచి వస్తాను, ఎవరైనా గోడౌన్ తెరిచి ఉంచండన్నాడు. స్టోర్‌కీపర్ సిమెంటు బస్తాల మీద కూలబడ్డాడు. "ఇగ అయినట్టే నా సంతకం."

మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. "సార్, రెండు నడుస్తున్నాయి."

"తీన్ బోలా థా, భాయ్."

"మూడోదాంట్లో పనివాళ్ల హాజరు తప్ప ఏమీ లేదు సార్."

"తీన్."

సరుకు కొనేటప్పుడు ధర దిగని మనిషి దగ్గర మా నాన్న లేచి వెళ్లిపోతున్నట్టు నటించేవాడు. నేనూ లేచాను. ఆయన ఆపలేదు. తలుపు దాకా వెళ్లి నేనే తిరిగొచ్చాను.

"రేపు నేనే వచ్చి ఎక్కిస్తాను. స్టోర్‌కీపర్ని పంపండి."

రేపు సరే, శనివారాల మాటేమిటని అడిగాడాయన. అతను సెలవు నుంచి తిరిగొచ్చేదాకా శనివారాలు గోడౌన్ నేనే చూసుకోవాలట. సరేనన్నాను. అప్పటికే పెన్ను ఆయన చేతిలో ఉంది. "యల్లా," ఇక వెళ్లమని సంతకం గీకాడు.

శుక్రవారం మధ్యాహ్నం గోడౌన్లో నేనూ ఐటీ అతనూ. ఎక్కుతూ ఎక్కుతూ ఆ ప్రోగ్రాం, తనను ఏ ఫోల్డర్లో పెట్టమంటావని నన్నే అడిగింది. నీ ఇష్టమొచ్చిన చోట ఏడువన్నాను. ఇంతలో ఎయిర్‌పోర్టు నుంచి ఫోను.

"అన్నా, లైన్ల నిలవడ్డ. మూడోది తెరుసుకున్నదా? లేకుంటె సార్ మల్ల ఎన్కకు పిలుస్తడా?"

"తెరుచుకుంది. నువ్వు ముందు విమానం ఎక్కవయ్యా బాబూ!"

తెర మీద ఎంత ఎక్కిందో చూపే పచ్చగీత ఇంకా సగం కూడా దాటలేదు.