పథ్యం రోజున మానేసిన మందు

హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్ళే బస్సు నందిగామలో ఆగగానే కండక్టరు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. బాబాయి ఎప్పుడూ ఆ బస్సులోనే వచ్చేవాడు, అందుకని అతనికి మా ఇల్లు తెలుసు. గుమ్మం బయటే నిలబడి, "టీచరుగారూ, మీ బాబాయిగారు పోయారండి. తెల్లారుజామున గుండెనొప్పి వచ్చిందంట. మీ పిన్నిగారు చెప్పమన్నారు" అన్నాడు. మంచినీళ్ళు ఇస్తానంటే వద్దండీ అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అతని కడుపునొప్పి గురించి బాబాయి దారి పొడుగునా అడిగేవాడట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

కర్మ జగ్గయ్యపేటలో, మా మేనత్త ఇంట్లో జరిగింది. బాబాయి పుట్టింది ఆ ఇంట్లోనే. భోజనాలయ్యాక ఒక పెద్దమనిషి చెయ్యి కడుక్కుంటూ, "పాపం, జన్మంతా గాజు గొట్టాలు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాత్రన్నా బజారుకొచ్చిందా?" అన్నాడు. ఆ పెద్దమనిషికి ఊళ్ళో మందుల షాపు ఉంది. జ్వరమొచ్చిన వాళ్ళు రెండు మాత్రలు చాలంటే రెండే చేతిలో పెట్టి పంపే షాపు అది. నా ఒళ్ళు మండిపోయింది. అక్కడే కడిగిపారేసేదాన్నే, పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. కర్మ రోజున గొడవ దేనికని ఊరుకున్నాను. అప్పుడు మింగిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

బాబాయిది హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో కెమిస్టు ఉద్యోగం. సల్ఫా మాత్రలు వచ్చిన కొత్తలో రక్త విరేచనాలు చిటికెలో తగ్గేవి. కొన్నేళ్ళకు అవే మాత్రలు గుప్పెడు వేసినా తగ్గని రోగులు కనిపించసాగారు. క్రిములు ఆ మందుకు అలవాటు పడిపోయాయి. అలవాటు పడిన క్రిమిని చంపాలంటే అది ఇదివరకు ఎరగని మందు కావాలి. చెట్టు నుంచో బూజు నుంచో తీసేది కాదు, మనిషి కూర్చుని రసాయనాలతో కట్టాల్సిందే. ఒక పదార్థం తయారు చేయడం, అది పనికిరాదని తేలితే ఒక కొస మార్చి మళ్ళీ చేయడం, అదీ బాబాయి పని. కొన్ని క్రిమిని ఏమీ చేసేవి కావు. కొన్ని క్రిమితో పాటు ఎలుకనూ చంపేవి. వాటిని పారబోసి మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేవాడు. పిన్ని ఆయన చొక్కాలు విడిగా ఉతికేది, ఆ ఘాటు మిగతా బట్టలకు పడుతుందని. ఆయన వేళ్ళ కొసలు ఎప్పుడూ పసుప్పచ్చగా ఉండేవి. పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళు చూసి ఇంత లావు చుట్టలు తాగుతారా అని అడిగేవారు. ఆయన నవ్వి, అవునండీ అనేసేవాడు.

ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు గోడ గూటిలో చెయ్యి పెట్టి చూడటం ఆయన అలవాటు. తిని మిగిల్చిన మాత్రలు మావాళ్ళు అక్కడే దాస్తారు, మళ్ళీ ఎవరికైనా వస్తే పనికొస్తాయని. అవి పట్టుకుని, "ఇవేంటక్కా, ఎందుకు మిగిలినయ్?" అని నిలదీసేవాడు. మేనత్త తగ్గేది కాదు. "మిగిలినయ్యంటే తగ్గిందనేగా! తగ్గినాక కూడా మందు మింగిస్తారంట్రా ఎవరైనా?" అనేది. "సగం మందేస్తే ఆ క్రిమిని బళ్ళో కూచోబెట్టి చదువు చెప్పినట్టే అక్కా. మన మందుని ఎట్టా ఎదుర్కోవాలో మనమే నేర్పి పంపుతున్నాం" అనేవాడు. ఈ మాట ఆయన నోట మేము విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు.

చివరికి ఒక మందు కుదిరింది. చేదుగా ఉండే లేత పసుపు పొడి. సల్ఫాకు లొంగని విరేచనాల క్రిమి దీనికి లొంగింది. జంతువుల మీద పరీక్షలన్నీ దాటింది. ఇక మనుషులకు ఇచ్చి చూడాలి. ఆ ఎండాకాలం మునేరు ఎండి జనం ఇసుకలో చెలమలు తీసి నీళ్ళు తోడుకుంటున్నారు. ఊరూరా రక్త విరేచనాలు. నందిగామలో ఒక డాక్టరుగారు చూస్తానని ముందుకొచ్చారు. బాబాయి మాత్రలు తెచ్చి ఇచ్చాడు. ఒక్కొక్కరికీ వారం రోజుల మందు. మా మేనత్త చిన్నకొడుక్కీ అదే జబ్బు, వాడికీ అదే మందు.

రెండు రోజుల్లో రక్తం కట్టింది. మూడోనాటికి పిల్లలు లేచి కూర్చుని అన్నం అడిగారు. డాక్టరుగారు బాబాయిని కావలించుకున్నారట. మా ఇంట్లో ఆ సాయంత్రం బాబాయి ముఖంలో ఉన్న వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో మన ఇళ్ళలో పెరిగిన ఎవరైనా చెప్పగలరు. జబ్బు తిరుగుముఖం పట్టింది కాబట్టి పథ్యం పెట్టారు. లంఖణాలు చేయించిన మనిషికి తలారా స్నానం చేయించి, పాత బియ్యపు అన్నం, బీరకాయ కూర, మిరియాల చారు వడ్డించి, ఇరుగుపొరుగుకు మావాడికి పథ్యం పెట్టామని చెప్పుకునే రోజు అది. ఆ రోజుతో జబ్బు ఇంట్లోంచి పోయినట్టు. పథ్యం పెట్టాక మందు వేయడమంటే పోయినదాన్ని పేరు పెట్టి పిలిచినట్టు. వారం పాటు వేయాలని డాక్టరుగారు ఇంటింటికీ చెప్పిన మాట నిజం. ఇళ్ళలో పెద్దవాళ్ళు తలలూపిన మాటా నిజం. మిగిలిన మాత్రలన్నీ గూళ్ళలోకి వెళ్ళాయి. ప్రతి ఊళ్ళోనూ అంతే.

నెల తిరక్కుండా జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి పాత మందుకూ లొంగలేదు, కొత్త మందుకూ లొంగలేదు. మునేరు పక్క ఊళ్ళలో పసిపిల్లలు పోయారు. మేనత్త కొడుకు బెజవాడ ఆసుపత్రిలో చావు తప్పి బయటపడ్డాడు.

హైదరాబాదులో పై అధికారి బాబాయిని పిలిచి, మీ మందు ఓడిపోయిందండీ అన్నాడు. ఓడలేదు, పూర్తిగా వేయనే లేదు, ఇంకొక్కసారి అవకాశమివ్వండి, ఈసారి ప్రతి మాత్రా మా మనుషులు ఎదురుగా నిలబడి మింగిస్తారు అని బాబాయి బతిమాలాడు. "మందు కనిపెట్టడం మన పని. మింగించడం మన పని కాదు" అన్నాడట ఆయన. ఎంత హాయైన మాట! కుర్చీలో కూర్చున్నవాడికి అన్నీ ఎవరో ఒకరి పనులే. ఏడాదికేడాది బాబాయి వెళ్ళి అడుగుతూనే ఉన్నాడు, ఆయన కాదంటూనే ఉన్నాడు. ఆ పసుపు పొడి ఏదో అలమరలో సీసాలో ఉండిపోయింది. ఇప్పుడు చెప్పండి, ఒక్క మాత్రైనా బజారుకు ఎందుకు రాలేదో. పరిశోధన చేతకాక కాదు. మా ఇళ్ళలోని తొందర వల్ల, ఆ కుర్చీలోని బద్ధకం వల్ల.

బాబాయి మాత్రం ఎవరినీ తిట్టలేదు. సెలవు దొరికితే చాలు, నందిగామలో దిగి నా సైకిలు తీసుకుని ఊళ్ళు తిరిగేవాడు. పథ్యం పెట్టే ముసలమ్మల దగ్గర అరుగు మీద కూర్చుని, "పథ్యం మానమనట్లేదమ్మా. మందయిపోయిన రోజే పథ్యం పెట్టండి. అందాకా పిల్లోణ్ణి మాడ్చకుండా జావ తాగించండి" అని చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవారు. మగాడివి, పథ్యం సంగతి నీకేం తెలుసయ్యా అనేవారు. ఒకసారి నేను ఉండబట్టలేక, "ఎందుకు బాబాయ్ ఈ తిరుగుడు? ఆ మందే లేకుండా పోయిందిగా" అన్నాను. "ఇంకోటి చేస్తున్నాగా అమ్మాయ్. అదొచ్చేలోపు వీళ్ళు వినాలి. లేకపోతే దాని గతీ ఇంతే" అన్నాడు.

ఆ ఇంకోటి పూర్తి కాకుండానే పోయాడు. ఆ మందుల షాపు పెద్దమనిషి జాలి పడింది ఈ మనిషి మీద!

మాసికానికి మళ్ళీ జగ్గయ్యపేట వెళ్ళాను. అప్పటికి నాలుగు రోజులుగా మేనత్త కూతురి పిల్లకు విరేచనాలు. డాక్టరు ఏదో కొత్త మాత్ర ఇచ్చాడు, తగ్గింది. పిల్ల ఆకలి ఆకలని ఏడుస్తోంది. మేనత్త వంటింట్లో చిన్న విస్తరాకు వేసింది, నీళ్ళు చల్లింది. ఉప్పు వడ్డించే చోట తెల్లటి మాత్ర పెట్టింది.

"ముందిది మింగు. ఆ తర్వాతే అన్నం" అంది పిల్లతో. "ఇయ్యాళే కాదు, డాక్టరిచ్చినయ్యన్నీ అయిపోయేదాకా రోజూ ఇంతే."

నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. "బాబాయి ఇన్నేళ్ళు మొత్తుకుంటే ఒక్కరోజన్నా విన్నావా అత్తయ్యా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "వాడు నా తమ్ముడు కదే. నా చేత్తో పథ్యం తిన్నోడు. వాడు చెప్తే ఇదేదో పెద్ద సంగతని నాకెట్టా అనిపిస్తది?" అంది.

నా కోపం ఇప్పటికీ పోలేదు. పిల్ల ముఖం చిట్లించి మాత్ర మింగి నీళ్ళు తాగింది. మేనత్త వదల్లేదు. గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది, నాలుక ఎత్తమంది, దవడ పక్కన వేలు పెట్టి వెతికింది. ఏమీ లేదని చూసుకున్నాకే అన్నం కలిపింది.