మాత్రకు ముందు ప్రార్థన

మా ఆయన ప్రార్థన చేస్తే సంఘంలో సగం మంది నిద్రపోయేవారు. కోపంతో అంటున్న మాట కాదిది, ఊరందరికీ తెలిసిందే. పాస్టరుగారు లేని ఆదివారాల్లో పెద్దలు ఆయన్నే లేపేవారు. ఆయన లేచి, భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, చంకలో పెట్టుకుని, అప్పుడు కళ్లు మూసుకునేవాడు. ఆ తర్వాత ఒక్కో మాటా బయటికి వచ్చేది. గనిలో పలకరాయిని పొరపొరగా చీలుస్తున్నంత జాగ్రత్తగా మాట్లాడేవాడు. ముందు వరసలో కూర్చుని నేను పళ్లు కొరుక్కునేదాన్ని. ఇంటికి రాగానే, “దేవునికేమన్నా చెవుడనుకుంటివా, అట్ల సాగదీస్తావు?” అని దెప్పేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ సాగదీతే నన్ను చాలా ఏళ్లు బతికించింది. ఆ సంగతి రాయకుండా పోతే నాకు నిద్ర పట్టదు.

మాది మార్కాపురం పక్కన చిన్న ఊరు. అప్పట్లో మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, పెద్ద మాటలన్నీ మద్రాసు నుంచి వచ్చేవి. ఆయనకు పలకల గనిలో రాయి చీల్చే పని. నాకు షెడ్డులో ఆ రాళ్లను ఇసుక, నీళ్లు పోసి నున్నగా రుద్దే పని. మిషన్ బడిలో ఐదు చదివిన మనిషిని కాబట్టి షెడ్డులో అందరి తగాదాలూ నేనే తీర్చేదాన్ని. తగాదాలు లేని రోజున నేనే ఒకటి పెట్టేదాన్నని మా అత్త అనేది. అది కొంత నిజమే.

రెండో కాన్పు అయిన ఏడాదికి నా ఒళ్లు నాకే కాకుండా పోయింది. నడివేసవిలో చలి. మా వైపు వైశాఖంలో బండ మీద కాలు పెడితే బొబ్బలెక్కుతాయి, నేనేమో దుప్పటి కప్పుకుని ఎండలో కూర్చునేదాన్ని. మొహం ఉబ్బింది, జుట్టు ఊడింది, గొంతు మగవాళ్ల గొంతులా బొంగురుపోయింది. సంగటి ముద్ద నోట్లో ఉండగానే కునుకు పట్టేది. మాట అనాలంటే నాలుక దుంగలా కదిలేది కాదు. ఇరుగుపొరుగు నన్ను సోమరిపోతు అన్నారు. తిరిగి అనడానికి నాకు ఓపిక లేకపోయింది.

ఒక పొద్దున మా ఆయన పనికి పోకుండా గుమ్మంలో కూర్చున్నాడు.

“ఏంది, పోలేదే?” అన్నాను.

“నువ్వు నన్ను తిట్టి నెలాయె. నీకేందో అయింది. ఆసుపత్రికి పోదాం పా.”

రైలెక్కి మిషన్ ఆసుపత్రికి పోయాం. అక్కడి డాక్టరు సముద్రాలు దాటి వచ్చిన దొరసానమ్మ. మన భాష బైబిల్లోంచే నేర్చుకున్నట్టు మాట్లాడేది. నా కళ్ల కిందా, గొంతు కిందా తడిమి చూసి, గొంతు ముందర థైరాయిడ్ అనే గ్రంథి ఒకటుంటుందని, నాది పని మానేసిందని చెప్పింది. గొర్రెల మెడలోని అదే గ్రంథిని ఎండబెట్టి, పొడి చేసి, మాత్రలు కడతారట. అవి మద్రాసు నుంచి తెప్పిస్తుందట.

ఇంటికొచ్చి చెబితే మా అత్త ఆశ్చర్యపోయింది. “ఇన్ని పండగలకు ఇన్ని గొర్రెలు కోసినామే, అదేదో తెలియక పారేస్తిమా!” అంది. మా ఆయన మాత్రం మొదటి మాత్ర వేసుకున్న రోజున నా నోటి దగ్గర చెవి పెట్టి, “మే అంటావేమోనని ఇంటాండా” అన్నాడు. నవ్వడానికి కూడా నాకు అప్పుడు చాలా సేపు పట్టింది.

ఆ డాక్టరమ్మ మాత్రలిచ్చేటప్పుడు ఒక హెచ్చరిక చేసింది. “ఈ మందు మంచిదే గాని గుఱ్ఱమువంటిది, కళ్లెము మీ చేతిలో ఉండవలెను. ఎక్కువైనయెడల చేతులు వణకును, చెమటలు పట్టును, గుండె పరుగెత్తును. ప్రతి ఉదయము నాడి లెక్కించుడి. ఒక నిమిషములో తొంభై దాటినయెడల మాత్ర మాని నాయొద్దకు రండి.”

నిమిషం అంటే ఎంతో మాకెట్లా తెలియాలి? గడియారమనేది స్టేషన్లో ఉంది, స్టేషను మా ఊరికి కోసుల దూరం. ఆమె కాసేపు ఆలోచించి, పరలోక ప్రార్థన వచ్చా అని అడిగింది. ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని మొదలై, ఆహారం అడిగి, క్షమాపణ అడిగి, ఆమేన్ తో ముగిసే ఆ ప్రార్థన మా ఇంట్లో రానిదెవరికి? ఆయనకు పలకలు వందల లెక్కన లెక్కపెట్టే అలవాటు ఉంది కాబట్టి నాడి ఆయన్ని లెక్కపెట్టమంది, ప్రార్థన నన్ను చెప్పమంది. కాంపౌండరు గడియారం పట్టుకున్నాడు. మొద్దుబారిన నాలుకతో నేను మొదలుపెట్టి ఆమేన్ అనేసరికి సరిగ్గా ఒక నిమిషం. ఆమెకు భలే ముచ్చటేసింది. “ఇదియే మీ గడియారము” అంది. ఆ గదిలో ఉన్న నలుగురిలో ఒక్కరికీ అందులో ఉన్న తిరకాసు తట్టలేదు.

రెండు నెలల్లో నేను లేచి కూర్చున్నాను. దుప్పటి మడిచి పెట్టెలో పెట్టాను. మొహంలో ఉబ్బు దిగి నా దవడ ఎముక మళ్లీ కనబడింది. గొంతు విచ్చుకుంది. సోమరిపోతు అన్న ఇద్దరిని వాళ్ల గుమ్మంలోనే నిలబెట్టి కడిగేశాను. ఆ రోజు మా ఆయన పని నుంచి వస్తూ, వీధి మొదట్లోనే నా కేకలు విని, పొంగిపోయి, దుకాణంలో బెల్లం కట్టించుకుని వచ్చాడు.

అయితే గుఱ్ఱం ఆగలేదు. కొన్నాళ్లకు చేతులు వణకడం మొదలైంది. నీళ్లకు పెద్ద కడవ ఎత్తుకుంటే ఇంటికొచ్చేసరికి సగం నా రవికె మీదే ఉండేది. రెండు చిన్న కడవలు చేసుకుని రెండుసార్లు తిరిగాను. సూదిలో దారం మా పెద్దపిల్ల చేత ఎక్కించుకునేదాన్ని. షెడ్డులో పలకలు చేతిలోంచి జారి విరుగుతుంటే కింద తడిగోనె పరుచుకున్నాను. చెమటకు కొంగు పిండుకోవలసి వచ్చేది. పక్కవీధి కాపులింటి నుంచి మజ్జిగ తెచ్చుకుని, చెంబును రెండు చేతులా పట్టుకుని తాగేదాన్ని. ఎంత తిన్నా ఆకలే. గుండె మాత్రం కూర్చున్నా పడుకున్నా రోకటి పోటులా కొట్టుకునేది. కోపం సంగతి చెప్పనక్కర్లేదు. కోడి అడ్డమొచ్చినా ఒంటికాలి మీద లేచేదాన్ని.

ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్ర తీసేస్తారని భయం. ఆ దుప్పటి కిందికి, ఆ నిద్రలోకి మళ్లీ పోవడం కన్నా గుండె పగిలి చావడమే మేలనిపించింది. పైగా లెక్క బాగానే వస్తోంది కదా! రోజూ పొద్దున నేను ప్రార్థన చెప్పడం, ఆయన నా మణికట్టు పట్టుకుని వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టడం. “డెబ్బై.” “డెబ్బై ఒకటి.” ఆ అంకె చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి, కూతురు బళ్లో మొదటి మార్కు తెచ్చినంత సంబరం.

నా నోరు గబగబా పోతోందని మొదట్లో నాకు నిజంగా తెలియదు. తర్వాత తెలిసింది. ఒకనాటి పొద్దున నా మాటల వేగం నాకే వినబడింది, అయినా తగ్గించలేదు. దొంగతనం చేశానని ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

పట్టుకున్నది మా అత్త. అప్పటికే ఆమెకు చూపు లేదు. సాయంత్రం అందరం కలిసి ప్రార్థన చెప్పుకుంటుంటే మధ్యలో ఆపేసింది.

“ఏందమ్మాయ్, నన్నిడిచిపెట్టి పోతివే! నేనింకా ఆహారం కాడ్నే ఉండా, నువ్వు అప్పుడే ఆమేన్ అంటివి!”

“నీకు నోరు తిరగడంల్యా అత్తా, వయసైపాయె” అని కసిరాను.

మా ఆయన ఇద్దరి గొంతులూ వింటూనే ఉన్నాడు. మరునాడు పొద్దున మామూలుగానే లెక్కపెట్టాడు, డెబ్బై. చెయ్యి వదలకుండానే, “అమ్మా, నువ్వొకసారి చెప్పు” అన్నాడు. అత్త తన పద్ధతిలో, తొందరేమీ లేకుండా చెప్పింది. ఆమె సగం దాటిందో లేదో ఆయన డెబ్బై దాటాడు. ఆమేన్ దగ్గర నూట ముప్పై. నన్ను తిట్టి ఉంటే నేను ఇంకా గట్టిగా తిట్టేదాన్ని. ఆయన తిట్టలేదు. నా మణికట్టును రెండు చేతులతో కప్పి, “ఎందుకట్ల చేస్తివి?” అని మెల్లగా అడిగాడు. నేను ఏడ్చేశాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తన గడియారంతో చూస్తే నూట ఇరవై ఆరు. నా చేత ప్రార్థన చెప్పించింది. అర నిమిషం దాటి కొంచెం. జబ్బులో ఉన్న నోటిని గడియారంగా కుదిర్చాం, జబ్బు తగ్గేకొద్దీ గడియారం పరుగెత్తింది, గుండె కంటే అది ఏ మాత్రం వెనకబడలేదు. ఆమె తల పట్టుకుంది, ఆ తర్వాత నవ్వింది.

“మాత్ర తీసేయొద్దు దొరసానమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా” అన్నాను.

“తీయను. సగము చేసెదను. గడియారము మాత్రము మార్చవలెను” అంది. మా ఆయన వైపు తిరిగి చెప్పమంది. ఆయన తువ్వాలు తీసి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు. ఒక నిమిషం. మళ్లీ చెప్పించింది, ఒక నిమిషం. మూడోసారీ అంతే. కాంపౌండరు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని అది ఆడుతోందో లేదో చూసుకున్నాడు.

అప్పటి నుంచి పనులు మారాయి. ఆయన ప్రార్థన చెప్పేవాడు, నా నాడి నేను లెక్కపెట్టుకునేదాన్ని. చేతుల వణుకు మెల్లమెల్లగా పోయింది, పెద్ద కడవ మళ్లీ నెత్తికెక్కింది. పండగ హడావుడి ఉన్నా, పిల్లలు ఏడ్చినా, పొయ్యి మీద ఎసరు పొంగినా ఆయన ఒక్క మాట వేగం పెంచలేదు. నేను లోపల ఎంత ఉడికిపోయినా కదలకుండా కూర్చోవలసిందే. రోజు మొత్తంలో నా నోరు మూతపడేది ఆ ఒక్క నిమిషమే. డెబ్బై రెండు, డెబ్బై నాలుగు, డెబ్బై రెండు. “ఎంతొచ్చె?” అనేవాడు. చెప్పేదాన్ని. “అయితే మాత్ర ఏసుకో” అనేవాడు. మా కాపురంలో సరసమంటే అదే. ఇప్పుడు తలుచుకుంటే అంతకంటే ఏం కావాలనిపిస్తుంది.

పిల్లలు పెద్దవాళ్లయ్యారు, అత్త పోయింది. ఆ తర్వాత ఒక ఏడాది నా లెక్క పైకి పాకడం మొదలైంది. ఎనభై. కొన్ని వారాలకు ఎనభై ఎనిమిది. తొంభై దాటగానే, ఈసారి దొంగతనం చేయకూడదనుకుని, నేనే మాత్రను సగానికి విరిచాను. లెక్క తగ్గలేదు. పాదాలు చల్లబడ్డాయి, నాలుక మళ్లీ మొద్దుబారింది, పెట్టెలోని దుప్పటి బయటికి వచ్చింది. అయినా లెక్క తొంభై ఐదు. ఒకే ఒంట్లో రెండు జబ్బులేమిటో అర్థం కాక భయపడిపోయాను.

మళ్లీ రైలెక్కాం. డాక్టరమ్మకు జుట్టు నెరిసింది. నా చెయ్యి పట్టుకుని గడియారం చూసి, “యాభై ఎనిమిది” అంది. “నీకు మాత్ర చాలుట లేదు. ఎందుకు తగ్గించితివి?”

తొంభై ఐదు వస్తోందని చెప్పాను. ఆమె మళ్లీ గడియారం చేతిలోకి తీసుకుంది. తర్వాత మా ఆయన్ని ప్రార్థన చెప్పమంది. ఆయన తువ్వాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. నేను అప్పుడే, ఆ పరాయి గదిలోనే, మొదటిసారి సరిగా విన్నాను. మాటకూ మాటకూ నడుమ ఊపిరి కోసం ఆగుతున్నాడు. ఆహారం దగ్గర ఒకసారి ఆగాడు, క్షమాపణ దగ్గర రెండుసార్లు ఆగాడు. ఆమేన్ అనేసరికి ఒక నిమిషం ముప్పై ఎనిమిది సెకన్లు.

డాక్టరమ్మ నన్ను వదిలేసి గొట్టం ఆయన రొమ్ము మీద పెట్టింది. ఎన్నో ఏళ్లుగా పీల్చిన పలకరాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందట. గని మానేయాలి, అంతకు మించి చేయగలిగింది లేదు. ఆ సంగతి నాతో వరండాలో చెప్పింది. రోజూ పొద్దున పక్కన కూర్చుని వింటూ నా గుండెనే లెక్కపెట్టుకున్నాను గాని, ఆయన ఊపిరి నాకు వినబడలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

నాకు పాత మాత్రే రాసిచ్చి, ఆరు నెలలకోసారి వచ్చి తన గడియారంతో చూపించుకుంటే చాలంది. ఇంట్లో లెక్క అక్కర్లేదంది. ఆ మాట ఆయనకు నేను చెప్పలేదు. ఆయన గని మానేసి ఇంట్లో పలకలకు చెక్కచట్రాలు బిగించుకునేవాడు. పొద్దున్నే తువ్వాలు మడిచి నా పక్కన కూర్చునేవాడు. నేను మణికట్టు పట్టుకునేదాన్ని. నా నాడి కుదురుగానే ఉందని నాకు తెలుసు, ఇప్పుడు దాంతో నేను కొలిచేది ఆయన ఊపిరిని. నూట ఇరవై. వానాకాలం తిరిగేసరికి నూట యాభై.

“ఎంతొచ్చె?”

“డెబ్బై రెండు.”

“అయితే మాత్ర ఏసుకో.”

జీవితమంతా పలకలు లెక్కపెట్టిన మనిషికి నా లెక్క అబద్ధమని తెలియదని నేననుకోను. ఆయనెప్పుడూ అడగలేదు.

చివరి పొద్దున తువ్వాలు నేనే మడిచి చంకలో పెట్టాను. మొదలుపెట్టి, సగం దాటి, క్షమాపణ దగ్గర ఆగిపోయాడు. ఎదురుచూశాను. ఆయన్ని తొందరపెట్టాలని నాకు అనిపించని పొద్దు అదొక్కటే. మిగిలింది నేను చెప్పాను, ఆయన వేగంలోనే, ఒక్కో మాటా విరగకుండా. ఆమేన్ కూడా నేనే అన్నాను. ఆయన కళ్లు తెరిచి నా మణికట్టు వైపు చూశాడు.

“ఎంతొచ్చె?”

“డెబ్బై రెండయ్యా.”

“అయితే... మాత్ర ఏసుకో.”

ఆయన చూస్తుండగానే వేసుకున్నాను.