సెలూన్ రేడియో చెప్పిన కబురు

బస్టాండు వెనక సందులో మూడు కుర్చీల సెలూన్ నడిపే ఆయన్ని అందరూ రేడియో అంటారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరి కూతురు ఏం చదువుతోందో, ఎవరింటి పైకప్పు ఎక్కడ కారుతోందో ఆయనకు తెలుసు. ఆయనకు తెలిస్తే వీధికి తెలిసినట్టే. మనింటి సంగతులు మాత్రం గడప దాటకూడదని పెళ్లైన కొత్తలోనే భార్య షరతు పెట్టింది. యాభై నాలుగో ఏడు వచ్చేదాకా ఆయన ఆ షరతు తప్పలేదు.

ఆ ఏడాది పెద్దాసుపత్రి నుంచి ఒక నర్సమ్మ వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. పెద్దపేగు క్యాన్సర్‌ని అది బయటపడకముందే పట్టుకోవచ్చు, కానీ ఇంటికే తెచ్చిచ్చినా జనం ఆ పరీక్ష చేసుకుంటారా అన్నది వాళ్ల పరిశోధన. యాభై దాటినవాళ్లందరికీ వేలెడంత ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది. మూతకున్న పుల్లతో మలాన్ని నాలుగు చోట్ల గీరి, గొట్టంలో పెట్టి మూసి ఆమెకు ఇచ్చేయాలి. అందులో కంటికి కనిపించని రక్తం ఉన్నా తెలిసిపోతుందట. వీధిలో నూట పన్నెండు గొట్టాలు పంచితే పది రోజులకు తిరిగొచ్చినవి పదకొండు. ఒకావిడ తనదాంట్లో కుట్టుసూదులు దాచుకుంది.

ఆ పదకొండులో రేడియోది ఒకటి. ధైర్యం ఉండి కాదు. వాన వెలిసేదాకా నర్సమ్మ సెలూన్ బెంచీ మీద కూర్చుంటే, ఆయన ఊరుకోలేక పరీక్ష గురించి గంటసేపు గుచ్చి గుచ్చి అడిగాడు. అంతా విన్నాక వద్దనడానికి మొహం చెల్లలేదు.

వారానికి కబురొచ్చింది. రక్తం కనిపించిందని, అది మొలల వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, కెమెరా గొట్టంతో చూడాలని చెప్పారు. రేడియో మూగబోయింది. ఒంట్లో బాగాలేదా అని గడ్డానికి వచ్చినవాళ్లు అడిగితే తల ఊపి సబ్బు నురగ కలుపుకున్నాడు. భార్యకు మూడో రోజున గానీ చెప్పలేకపోయాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. సంచీలో తువ్వాలు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు సర్ది, ఎప్పుడు వెళ్లాలో చెప్పమంది.

పేగు శుభ్రం కావడానికి ముందురోజు తాగమన్న మందునీళ్లతో ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. పరీక్ష మాత్రం మత్తులోనే అయిపోయింది. లోపల పేగు గోడకు మొలిచిన చిన్న కండ పిలకలు రెండు ఉంటే కోత లేకుండా అప్పుడే తీసేశారు.

"ఇది ఇంకా క్యాన్సర్ కాలేదు. వదిలేసుంటే కొన్నేళ్లకు అయ్యుండేదేమో. మూడేళ్లకి మళ్లీ ఒకసారి చూపించుకోండి," అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక ఆయన సంచీని గోడకు తగిలించాడు. తర్వాత భార్యను అడిగాడు.

"నీ షరతు ఈ ఒక్క విషయంలో సడలిస్తావా?"

ఆవిడ గిన్నెలు తుడవడం ఆపి ఆలోచించింది.

"చెప్పండి. నన్ను మాత్రం మధ్యలోకి లాగకండి."

మర్నాటి నుంచి కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ అదే కబురు. పుల్ల ఎలా పట్టుకోవాలో దువ్వెనతో చేసి చూపించేవాడు. మెడకు గుడ్డ కట్టి, గొంతు దగ్గర కత్తి పెట్టి చెప్తుంటే వినక ఏం చేస్తాంరా అని జనం నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే ఇళ్లకు వెళ్లి గొట్టాలు వెతుక్కున్నారు.

సెలూన్‌కి నాలుగు కొట్ల అవతల ఆయన భార్య అన్నగారు గడియారాలు బాగుచేస్తారు. రోజుకు పది మాటలు మించి మాట్లాడని మనిషి. తన చెల్లెలి మొగుడి పేగుల గురించి బజారంతా చెప్పుకుంటుంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. సెలూన్‌కి రావడం మానేశారు. రెండు నెలల్లో జుట్టు చెవుల మీదికి దిగింది. నవ్వులపాలైంది మేమైతే నీకెందుకు నొప్పి అని చెల్లెలు అడిగినా చేతిలో గడియారం మీంచి తల ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం, సెలూన్లో ఎవరూ లేనప్పుడు, ఆయన వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నారు.

"కత్తిరించు. మాట్లాడకు."

ముప్పై ఏళ్లలో రేడియో అంత కష్టమైన క్షవరం చేయలేదు. పెదవులు బిగించి, చెవుల చుట్టూ సవరించి, మెడ మీద పౌడరు అద్ది గుడ్డ దులిపాడు. అప్పుడు బావగారు చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన గొట్టం తీసి అద్దం ముందు పెట్టారు.

"ఈరోజు పొద్దుటిదే. ఆ నర్సమ్మకి నువ్వే ఇవ్వు. నావల్ల కాదు."

"అలాగే బావా," అని ఊరుకున్నాడు రేడియో. ఇంకేమన్నా అంటే ఆయన దాన్ని వెనక్కి తీసుకుంటారని భయం.

అందులోనూ రక్తం కనిపించి, కెమెరాతో చూస్తే బావగారికి వచ్చింది క్యాన్సరే. అయితే పేగు గోడ దాటలేదు. ఆ ముక్క కోసి తీసి రెండు చివరలూ కలిపి కుట్టారు. తర్వాత మందులు కూడా అక్కర్లేదని, తనిఖీకి వస్తుంటే చాలని చెప్పారు. ఎనిమిదో రోజున రేడియో కత్తి, బ్రష్షు పట్టుకుని వార్డుకి వెళ్లాడు. మాసిన గడ్డంతో బావగారు దిండుకి ఆనుకుని, పక్క మంచం ఆయనకు ఏదో వివరిస్తున్నారు. గడియారం ఆగాక తెచ్చేవాళ్లే ఎక్కువట, కాస్త తప్పుగా నడుస్తున్నప్పుడే తెస్తే పది నిమిషాల పనట. అన్ని మాటలు ఆయన నోట ఒక్కసారిగా రేడియో ఎప్పుడూ వినలేదు. నురగ రాస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

ఏడాది చివర నర్సమ్మ లెక్క చూస్తే ఆ వీధి నుంచి ఎనభై ఆరు గొట్టాలు తిరిగొచ్చాయి. పక్క వీధుల్లో పాతిక దాటలేదు. ఏం జరిగిందో తెలుసుకుందామని పరిశోధన డాక్టర్లు ఇద్దరు సెలూన్‌కి వచ్చి, ఊళ్లో మిగతా సెలూన్ల వాళ్లకు కూడా చెప్పమని ఆయన్ని అడిగారు. ఆసుపత్రి హాల్లో సభ పెట్టి పది నిమిషాలు ఇచ్చారు. ఆయన గంటంబావు మాట్లాడాడు. ముందు వరసలో కూర్చున్న భార్య రెండుసార్లు గొంతు సవరించుకుని సైగ చేసింది కానీ, మూడోసారి తనే జనంతో కలిసి నవ్వేసింది.

ఇప్పుడు పద్నాలుగు సెలూన్లలో అద్దం పక్కన ఆ గొట్టాల పెట్టె ఉంటుంది. ఆదివారాలు బావగారు వచ్చి బెంచీ మీద పేపరు చదువుకుంటారు. కొత్తవాళ్లెవరైనా వస్తే పేపరు దించి, వయసెంత అని ఆయనే ముందు అడుగుతారు.