ఉప్పు వేయని గంజి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో నన్ను రాచర్ల వైపు ఒక చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు. అప్పటికి నేను సబ్ అసిస్టెంట్ సర్జన్‌ని. అంటే కాంపౌండరు చేత దండాలు పెట్టించుకుంటూ, పైనున్న ప్రతి డాక్టరుకూ దండాలు పెట్టే హోదా. మద్రాసు నుంచి వచ్చిన ఒక పరిశోధక వైద్యుడికి సాయపడమని ఉత్తర్వు. బ్లడ్ ప్రెషర్ పెరిగి మూత్రపిండాలు చెడినవారికి ఉప్పు మాన్పిస్తే ఎంతవరకు గుణమిస్తుందో ఆయన చూస్తున్నారు.

ఇప్పటి బిళ్లలు అప్పుడు లేవు. పాదరసం యంత్రంతో ప్రెషర్ చూసేవాళ్లం. గాజు గొట్టంలో మూత్రం పోసి, పైభాగం కాచి, ఎసిటిక్ ఆమ్లం చుక్కలు వేసేవాళ్లం. తెల్లటి మసక కరగకుండా నిలిచిందంటే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతున్నట్టు.

ఏసోబు కోసెడు, అంటే రెండు మైళ్ల దూరంలోని ఒక పల్లెలో, క్రైస్తవుల పేటలో ఉండే కూలిమనిషి. ముఖమూ కాళ్లూ వాచి వచ్చాడు. వార్డులో ఉప్పులేని తిండి పెడితే వాపు తీసింది, ప్రెషర్ దిగింది. ఇంటికి పంపి వారం వారం రమ్మన్నాం. ఒక వారం తేటగా వచ్చేవాడు, మరో వారం ఉబ్బిపోయి వచ్చేవాడు. మద్రాసు నుంచి వచ్చిన పెద్ద డాక్టరుకు ఓపిక నశించింది. దొంగచాటుగా ఉప్పు తింటున్నాడు, పేరు తీసేయమన్నారు. తీసేస్తే మళ్లీ వార్డులో మంచం దొరకదు, అతను ఆ ఏడాది గట్టెక్కడు. ఒకసారి ఇల్లు చూసి వస్తానని గడువు అడిగాను. నాకూ కోపంగానే ఉంది. దొంగను పట్టుకోవాలనే వెళ్లాను.

ఏసోబు భార్య మార్తమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. తియ్యగా ఉన్నాయి. పొయ్యి మీది గంజి అడిగి రుచి చూశాను. ఉప్పగా ఉంది. ఇదేమిటని గద్దించాను.

“ప్రభువు తోడు దొరా, చిటికెడు ఉప్పు గూడ ఎయ్యలేదు. అది మా బావి నీళ్ల రుచి. మీకిచ్చినవి ఊరి బావివి, ఆయన తాగేదానికి దాచినాను,” అంది.

పేటవాళ్లు ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేదు. కడవ పెట్టుకుని దూరంగా నిలబడాలి. ఎవరైనా తోడి పోస్తే మంచినీళ్లు, పోయకపోతే పేట బావిలోని ఉప్పునీళ్లు. ఏసోబు వాపు ఎందుకు పెరిగి తగ్గుతోందో అప్పుడు అర్థమైంది. నా కోపం పోలేదు గాని, దారి మళ్లింది.

పేటవాళ్లను నీళ్లు తోడుకోనివ్వమని అడగడానికి ఊరి మునసబు దగ్గరికి వెళ్లాను. మర్యాదగా మజ్జిగ ఇప్పించాడు. “మేము పొయ్యం అన్నామా ఏంది డాక్టరుగారూ? తీరికుంటే పోస్తానే ఉన్నాం గదా!” అన్నాడు. తాను కాదన్నానని ఆయన అనుకోనే లేదు.

రెండు బావుల నీళ్లూ సీసాల్లో పట్టుకొచ్చాను. పెద్ద డాక్టరు వాటిలో, ఉప్పుంటే తెల్లగా విరిగేలా చేసే సిల్వర్ నైట్రేట్ ద్రావణం చుక్కలు వేశారు. ఊరి బావి నీళ్లలో సన్నని మసక వచ్చింది. పేట బావి నీళ్లు విరిగిన పాలలా అయ్యాయి. ఆయన ఏసోబు పేరు ఉంచేశారు. ఆసుపత్రి బావిలో నీళ్లు తోడుకోవచ్చని మార్తమ్మకు చెప్పాం.

ఆమె రోజూ కోసెడు నడిచి కడవ మోసింది. ఏసోబు ప్రెషర్ నిలకడగా ఉంది, కూలికి కూడా పోయాడు. పెద్ద డాక్టరు ఎంతో సంతోషించారు, అది ఉప్పు మాన్పించిన ఫలితమని. వానలు తగ్గుముఖం పట్టాక మార్తమ్మ చలిజ్వరంతో మంచం పట్టింది. కడవ మోసేవాళ్లు లేరు, మళ్లీ పేట బావి నీళ్లే గతయ్యాయి. మాకు కబురు చేరి బండి పంపేసరికి ఏసోబుకు ఊపిరాడటం లేదు. వార్డులోకి తెచ్చిన మర్నాడే పోయాడు. ఆ చావు నన్ను చాలాకాలం బాధించింది.

పథ్యం సరైనదే. అది ఒక మనిషి నెత్తిమీది కడవపై ఆధారపడిందని మేము లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత ఎక్కడ పనిచేసినా, ప్రెషర్ రోగి వస్తే ఏం తింటున్నావని ముందు అడగలేదు. నీళ్లు ఏ బావివి, ఎవరు తోడి పోస్తారు, ఆ మనిషికి జ్వరం వస్తే ఎవరు పోస్తారు అని అడిగేవాణ్ణి.